దేవనహళ్లి మలవ్యర్థాల శుద్ధి కేంద్రం, ఊరి నీళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాదు వైపు బయలుదేరితే, విమానాశ్రయం దాటాక వచ్చే పట్టణం దేవనహళ్లి. టిప్పు సుల్తాన్ పుట్టిన ఊరుగా, పంపరపనస పండ్లకు పేరుపొందిన ఊరుగా చాలామందికి తెలుసు. సెప్టిక్ ట్యాంకుల నుంచి తోడిన మలవ్యర్థాలను శుద్ధి చేయడానికే పట్టణ స్థాయిలో కట్టిన కేంద్రాల్లో మన దేశంలో మొదటిదిగా పేరుపడినది ఇక్కడే ఉంది. రాయలసీమ నుంచి వచ్చి ఈ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువారి కోసం, ఇలాంటి సమస్యే ఉన్న మన చిన్న పట్టణాల వారి కోసం ఈ ప్రశ్నలు, జవాబులు.

దేవనహళ్లిలో ఉన్నది మామూలు మురుగునీటి శుద్ధి కేంద్రమేనా?

కాదు. పెద్ద నగరాల్లో ఇళ్ల మురుగు భూగర్భ గొట్టాల్లో పారి నేరుగా శుద్ధి కేంద్రానికి చేరుతుంది. ఈ కేంద్రం కట్టేనాటికి దేవనహళ్లిలో అలాంటి గొట్టాలు లేవు. ఇంటింటికీ ఒక సెప్టిక్ ట్యాంకో, గుంతో ఉండేది. నిండినప్పుడు ట్యాంకరు వచ్చి తోడుకుపోయేది. అలా తోడిన బురదను శుద్ధి చేయడమే ఈ కేంద్రం పని. గొట్టాల్లో పారే మురుగులో 99 శాతానికి పైగా నీళ్లే ఉంటాయి. ట్యాంకులో ఏళ్ల తరబడి పేరుకున్న బురద దానికన్నా ఎన్నో రెట్లు చిక్కన. అందువల్ల శుద్ధి చేసే పద్ధతీ వేరు.

దీన్ని ఎవరు కట్టారు? ఎంత పెద్దది?

బెంగళూరులోని సీడీడీ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ, గేట్స్ ఫౌండేషన్ ఆర్థిక సాయంతో, దేవనహళ్లి పురసభతో కలిసి కట్టింది. 2015లో పని మొదలైంది. సామర్థ్యం రోజుకు 6 వేల లీటర్లు. చూడటానికి చాలా చిన్నది. మహా అయితే రోజుకు రెండు ట్యాంకరు లోడ్లు పడతాయి.

అంతకుముందు ఆ బురద ఎక్కడికి పోయేది?

ట్యాంకరు డ్రైవరుకు ఎక్కడ వీలైతే అక్కడికి. బెంగళూరు చుట్టుపక్కల పల్లెల్లో రైతులు దీన్ని పచ్చిగానే కొనుక్కుని పొలాల్లో గుంతలు తీసి పోయించుకునేవారు. కొన్నాళ్లు ఎండనిచ్చి ఎరువుగా వాడుకునేవారు. రైతు లేని రోజున బురద ఖాళీ స్థలంలోకో, వాగులోకో, చెరువులోకో వెళ్లేది. ఇది ఒక్క దేవనహళ్లి కథ కాదు. శుద్ధి కేంద్రం లేని ఏ పట్టణంలోనైనా ఇప్పటికీ జరుగుతున్నది ఇదే. మన ఇంటి ముందు నుంచి కదిలిన ట్యాంకరు ఊరు దాటాక ఎక్కడ ఆగుతుందో మనలో చాలామందిమి ఎన్నడూ అడగలేదు.

భూగర్భ డ్రైనేజీ వేసేస్తే ఈ గొడవ ఉండదు కదా?

డబ్బు, నీళ్లు, ఏళ్ల తరబడి నిర్వహణ ఉంటే ఉండదు. ఊరంతా తవ్వి గొట్టాలు వేయాలి, పల్లంలో పంపులు పెట్టాలి, ప్రతి ఇంటినీ కలపాలి. ఈ చివరి పని దగ్గరే చాలా పథకాలు ఆగిపోతాయి. గొట్టం వీధిలో ఉంటుంది, ఇల్లు దానికి కలవదు. పైగా గొట్టాల్లో మురుగు ఆగకుండా పారాలంటే ఇళ్లలో నీటి వాడకం బాగానే ఉండాలి. రెండు మూడు రోజులకోసారి కుళాయి వచ్చే ఊళ్లో అది కష్టం.

2011 జనగణన ప్రకారం దేశంలోని పట్టణ కుటుంబాల్లో భూగర్భ డ్రైనేజీకి కలిసినవి 32.7 శాతం. సెప్టిక్ ట్యాంకు ఉన్నవి 38.2 శాతం. డ్రైనేజీ వచ్చిన చోట కూడా కథ అక్కడితో ముగియదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో వెలువరించిన లెక్క ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగు పుడుతోంది. నిజంగా శుద్ధి అవుతున్నది 20,236 మిలియన్ లీటర్లు. అంటే మూడింట ఒక వంతు కూడా కాదు.

నన్ను అడిగితే, చిన్న పట్టణం ముందు ట్యాంకరు బురద సంగతి చూసుకోవాలి. దానికి ఖర్చు తక్కువ, ఫలితం త్వరగా కనిపిస్తుంది. డ్రైనేజీ వచ్చే దాకా రోగాలు మన కోసం కాచుకుని కూర్చోవు.

ట్యాంకరు తెచ్చిన బురద కేంద్రంలో ఏమవుతుంది?

ట్యాంకరు గొట్టాన్ని తొట్టికి తగిలించి వాల్వు తిప్పగానే ముందు అడ్డు కడ్డీల మీదుగా పారుతుంది. ప్లాస్టిక్ సంచులు, గుడ్డ పేలికలు, శానిటరీ ప్యాడ్లు, గుట్కా పొట్లాలు అక్కడ చిక్కుకుంటాయి. ఆ కడ్డీల ముందు ఒక్కసారి నిలబడితే మరుగుదొడ్డిలో ఏమేమి పడేస్తున్నామో తెలుస్తుంది. ఇసుక అడుగున దిగిపోతుంది.

అక్కడి నుంచి బురద గాలి తగలని గదుల్లోకి వెళ్తుంది. ఆక్సిజన్ అవసరం లేని సూక్ష్మజీవులు దాన్ని తిని మీథేన్ వదులుతాయి. పశువుల పేడతో నడిచే గోబర్ గ్యాస్ తొట్టిలో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. అందులో కొన్నాళ్లు మగ్గాక బురదలో కుళ్లే గుణం తగ్గుతుంది, వాసన తగ్గుతుంది, నీళ్లు సులువుగా విడిపోతాయి.

తరవాతిది ఆరబెట్టే మడి. అడుగున గులకరాళ్లు, వాటి మీద ఇసుక, పైన బురద. నీళ్లు ఇసుకలోంచి కిందికి దిగిపోతాయి, పై భాగం ఎండకు ఆరుతుంది. మొదట నల్లటి గంజిలా ఉన్నది, తేమ పోయేకొద్దీ ఎండిన చెరువు అడుగులా నెర్రెలు విచ్చి పలకలుగా లేస్తుంది. వాన పడకుండా పైన కప్పు ఉంటుంది. ఆ పలకలను పారతో ఎత్తి, ఊళ్లో సేకరించిన తడిచెత్తతో కలిపి కంపోస్టు చేస్తారు.

కిందికి దిగిన నీటికి వేరే దారి. అది కూడా మురుగే కాబట్టి తేర్చే తొట్టి, గాలి తగలని వడపోత గదులు, చివరికి గులకరాళ్లలో మొక్కలు నాటిన మడి దాటి బయటికి వస్తుంది. మొక్కల వేళ్ల చుట్టూ పెరిగే సూక్ష్మజీవులు మిగిలిన మలినాన్ని తినేస్తాయి. ఆ నీటిని ఆవరణలోని మొక్కలకు పోస్తారు. అది తాగునీరు మాత్రం కాదు.

బురద ఒక దశ నుంచి ఇంకో దశకు వాలు మీదే కదిలేలా దీన్ని కట్టారు. యంత్రాలు తక్కువైతే పాడయ్యేవీ తక్కువ. కోట్లు పోసి తెచ్చిన యంత్రాలు, కరెంటు బిల్లు కట్టలేక మూతపడటం మన పురపాలక సంఘాలకు కొత్త కాదు. అందుకే ఈ ఎంపిక నాకు నచ్చింది.

వాసన వస్తుందా?

ట్యాంకరు ఖాళీ చేసేటప్పుడు వస్తుంది. ఆరబెట్టే మడి సరిగా నడుస్తుంటే అక్కడ ఘాటైన వాసన ఉండకూడదు. రోజంతా వస్తోందంటే బురద మగ్గకముందే మళ్లకు చేరుతోందని, లేదా సామర్థ్యానికి మించి లోడ్లు దింపుతున్నారని అర్థం.

ఆ ఎరువు వేసిన పంట తినవచ్చా?

కంపోస్టు సరిగా వేడెక్కి ఉంటే తినవచ్చు. ఈ షరతును ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు.

మలంలో బ్యాక్టీరియా కన్నా మొండివి ఏలికపాముల గుడ్లు. మట్టిలో పడితే ఏళ్ల తరబడి చావకుండా ఉంటాయి. ఆరబెట్టినంత మాత్రాన పోవు. కంపోస్టు కుప్ప లోపల 55 డిగ్రీలు దాటిన వేడి రోజుల తరబడి నిలవాలి, కుప్పను తిరగేసి అంచుల్లో ఉన్నదాన్ని లోపలికి తేవాలి. తడిచెత్త కలపడం ఇందుకే. బురద ఒక్కటే అయితే కుప్ప అంతగా వేడెక్కదు. కుప్పలో పొడుగాటి థర్మామీటరు గుచ్చి రోజూ ఉష్ణోగ్రత రాసుకునే పుస్తకం ఉందా అని అడగండి. అది లేని చోట కొన్న ఎరువును ఆకుకూరలకు, క్యారెట్ ముల్లంగి లాంటి వాటికి వాడొద్దు. చెట్ల పంటలకు, పూల తోటలకు వేసుకోవచ్చు. వేసేటప్పుడు చేతికి తొడుగులు, కాళ్లకు బూట్లు ఉండాలి.

పచ్చి బురదనే పొలంలో పోయించుకునే పాత పద్ధతితో దీన్ని పోల్చి చూస్తే తేడా చాలా పెద్దది. రైతు పెద్దగా పోగొట్టుకునేది లేదు. నేలకు సేంద్రియ పదార్థం అందుతుంది, నులిపురుగుల బెడద పోతుంది.

మా సెప్టిక్ ట్యాంకు ఇరవై ఏళ్లుగా నిండలేదు. బాగా కట్టినట్టేనా?

ఈ మాట గర్వంగా చెప్పేవారు ప్రతి వీధిలో ఉంటారు. వాళ్ల నీళ్ల గురించే నాకు ఎక్కువ భయం.

సరిగా కట్టిన సెప్టిక్ ట్యాంకు అడుగు, గోడలు నీళ్లు ఇంకకుండా ఉంటాయి. లోపల కనీసం ఒక అడ్డుగోడ ఉంటుంది. బరువైనది అడుగున బురదగా దిగుతుంది, నూనె, జిడ్డు పైన తెట్టుగా తేలుతుంది, మధ్యనున్న నీరు గొట్టం ద్వారా ఇంకుడు గుంతలోకి వెళ్తుంది. ఇలాంటి ట్యాంకులో బురద తప్పకుండా పేరుకుంటుంది. కొన్నేళ్లకు తీయించక తప్పదు.

ఇరవై ఏళ్లయినా నిండలేదంటే చాలావరకు అది ట్యాంకు కాదు, అడుగు లేని గుంత. సిమెంటు వరలు దింపి, కింద మట్టిని అలాగే వదిలేసి, పైన మూత వేసి ఉంటారు. మేస్త్రీ దాన్నే సెప్టిక్ ట్యాంకు అన్నాడు, మనం నమ్మాం. లోపల పడినదంతా నేలలోకి దిగుతోంది. అదే నేల నుంచి మన బోరో, పక్కింటి బావో నీళ్లు తోడుతోంది.

దక్కన్ నేలలో ఇది మరీ ప్రమాదం. దేవనహళ్లి అయినా, అనంతపురం అయినా, మహబూబ్‌నగర్ అయినా పైన కొంత మట్టి, కింద గ్రానైట్ జాతి రాయి. ఇసుక నేలలో మురుగు మెల్లగా ఇంకుతూ వడపోతకు గురవుతుంది. రాతి పగుళ్లలో వడపోత ఉండదు. పగులు ఎటు వెళ్తే నీళ్లు అటు. ఇంకుడు గుంతకు, తాగునీటి బావికి మధ్య 18 మీటర్ల దూరం ఉండాలని భారతీయ ప్రమాణం చెబుతుంది. ముప్పై చదరపు గజాల్లో కట్టుకున్న వరస ఇళ్ల మధ్య ఆ దూరం ఎక్కడి నుంచి వస్తుంది? పగుళ్లున్న రాయి మీద ఆ దూరం ఉన్నా భరోసా లేదు.

ఎన్నాళ్లకోసారి తీయించాలి?

మామూలు ఇంటికి రెండు మూడేళ్లకోసారి. పొంగే దాకా ఆగితే ఆలస్యమైనట్టే. బురద సగానికి పైగా పేరుకుంటే నీరు తేరుకోవడానికి చోటు ఉండదు, మలిన నీరు అలాగే బయటికి పోతుంది. మొత్తం కడిగేయించకండి. అడుగున కొంచెం బురద వదిలితే సూక్ష్మజీవులు త్వరగా కోలుకుంటాయి.

ట్యాంకులో ఏమి పడకూడదు?

యాసిడ్, ఎక్కువ మోతాదులో ఫినాయిల్, బ్లీచింగు పడితే పని చేసే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. ప్యాడ్లు, డైపర్లు, వంటనూనె, మిగిలిపోయిన మందులు వద్దు. దుకాణాల్లో అమ్మే పొడులు వేస్తే తీయించే పనే ఉండదని చెబితే నమ్మకండి.

మనిషి దిగి శుభ్రం చేయడం తప్పా?

నేరం. 2013లో వచ్చిన చట్టం ప్రకారం మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనిషిని దించకూడదు. దించినవారికి జైలు శిక్ష ఉంది. ఇంటి యజమానికీ ఇది వర్తిస్తుంది. ఇలా చనిపోయినవారి కుటుంబానికి పరిహారం 30 లక్షల రూపాయలు ఉండాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అంతకుముందు అది 10 లక్షలు.

ట్యాంకులో కుళ్లినప్పుడు పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. వాసన తగ్గిందనుకుని దిగిన మనిషి రెండు మూడు శ్వాసల్లో కూలిపోతాడు. పైనున్న అన్నో, కొడుకో కాపాడాలని దూకుతాడు, అతనూ పోతాడు. పత్రికల్లో ఒకే ట్యాంకులో ఇద్దరు, ముగ్గురు చనిపోయిన వార్తలు చూస్తూనే ఉన్నాం. మూత తీసి కాసేపు ఉంచినా, అగ్గిపుల్ల గీసి చూసినా రక్షణ కాదు. అగ్గిపుల్ల వల్ల మీథేన్ అంటుకుంటుంది కూడా. గొట్టానికి అందని గట్టి బురద ఉంటే నీళ్లు పోసి కదిలించి మళ్లీ తోడమనండి. ఎవరైనా దిగుతామంటే, వాళ్లు ఎంత ధైర్యం చెప్పినా, పని ఆపించండి. ఎవరైనా లోపల పడిపోతే మీరు దిగకుండా అగ్నిమాపక సిబ్బందిని పిలవండి. ట్యాంకు శుభ్రం చేయించడానికి దేశవ్యాప్త సహాయ నంబరు 14420.

స్నానం, వంటింటి నీళ్లు కూడా ఈ కేంద్రానికే వెళ్తాయా?

వెళ్లవు. ఈ సంగతి చాలామందికి తెలియదు. ఊళ్లో పుట్టే మురుగులో ఎక్కువ భాగం స్నానాలది, గిన్నెలు కడిగినది, బట్టలు ఉతికినది. అది వీధి కాలువలో పడి పల్లానికి పోయి చెరువులో కలుస్తుంది. మలవ్యర్థాల కేంద్రం ఎంత బాగా నడిచినా చెరువులోకి వచ్చే సబ్బు నురుగును, గుర్రపుడెక్కను అది ఆపలేదు. వీధి కాలువ చెరువులో కలిసే చోటనే దాన్ని అడ్డుకుని, మొక్కల మడిలోంచి పంపి వదిలే ఏర్పాటు వేరుగా కావాలి. మీ పట్టణంలో కేంద్రం కట్టాక కూడా చెరువు బాగుపడలేదంటే చాలావరకు కారణం ఇదే.

రోజుకు 6 వేల లీటర్లు దేవనహళ్లికి చాలుతాయా?

నా లెక్క చెబుతాను. 2011లో ఊరి జనాభా సుమారు 28 వేలు. ఇంటికి నాలుగున్నర మంది చొప్పున 6 వేలకు పైగా ఇళ్లు. ప్రతి ఇల్లూ మూడేళ్లకోసారి 3 వేల లీటర్లు తీయిస్తే ఏడాదికి 2 వేల ఇళ్లు, 60 లక్షల లీటర్లు. కేంద్రం ఏడాదిలో 300 రోజులు నిండుగా నడిచినా తీసుకోగలిగేది 18 లక్షల లీటర్లు. మూడో వంతు కన్నా తక్కువ. విమానాశ్రయం వచ్చాక ఊరు ఎంత పెరిగిందో అక్కడ ఉన్నవారికి చెప్పనక్కరలేదు.

పెద్ద అపార్టుమెంట్లు సొంతంగా శుద్ధి కేంద్రం పెట్టుకోవాలి కాబట్టి వాటిని పక్కన పెట్టినా లెక్క పెద్దగా మారదు. ఊరి మొత్తానికి ఇంత చిన్న కేంద్రం సరిపోయినట్టు ఎక్కడైనా కనిపిస్తే, చాలా ఇళ్ల గుంతలు అడుగు లేనివని, తీయాల్సిన బురద నేలలోనే మిగులుతోందని అనుమానించాలి. కేంద్రం గేటు దగ్గర లోడ్లు తక్కువ రావడం మంచి వార్త కాదు. కొత్త కేంద్రం కట్టడం కన్నా, ఇంటింటికీ వెళ్లి ఏ గుంతకు అడుగు ఉంది, ఏది ఎప్పుడు తీశారు అని రాసుకోవడం ముందు జరగాల్సిన పని. దీనికి రిబ్బను కత్తిరింపు ఉండదు కాబట్టి ఎవరూ ముందుకు రారు. ఊరి నీళ్లు బాగుపడేది మాత్రం దానివల్లే.

మా బోరు నీళ్లు అద్దంలా ఉన్నాయి. పరీక్ష ఎందుకు?

హాని చేసేవి కంటికి కనిపించవు కాబట్టి. ముఖ్యంగా మూడు చూడాలి.

మొదటిది ఈకోలై, అంటే మలంలో ఉండే బ్యాక్టీరియా. 100 మిల్లీలీటర్ల నీటిలో ఒక్కటి కూడా ఉండకూడదు. ఉందంటే మలం ఎక్కడి నుంచో కలుస్తోందని అర్థం. రెండోది నైట్రేట్. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. గుంతల నుంచి, పొలాల్లో వేసిన యూరియా నుంచి వస్తుంది. ఆరు నెలల లోపు పసిపిల్లలకు ఈ నీటితో పాలపొడి కలిపి పడితే రక్తం ఆక్సిజన్‌ను మోయలేక బిడ్డ నీలంగా మారే ప్రమాదం ఉంది. మూడోది ఫ్లోరైడ్. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 వరకు. ఇది మురుగు నుంచి రాదు, రాతి నుంచి వస్తుంది. బోరు లోతుకు వెళ్లేకొద్దీ పెరిగే అవకాశం ఉంది. నల్లగొండ బాధితుల వంగిపోయిన కాళ్లు చూసిన తెలుగువారికి దీని గురించి వేరే చెప్పాలా?

పై పొర నీళ్లను మురుగుతో పాడుచేసుకుని, మంచినీళ్ల కోసం వెయ్యి అడుగుల లోతుకు వెళ్లి ఫ్లోరైడ్ తెచ్చుకుంటున్నాం. దేవనహళ్లి, చిక్కబళ్లాపుర, కోలారు, అనంతపురం అన్నిటిదీ ఇదే దారి.

కాచి తాగితే సరిపోతుందా?

బ్యాక్టీరియాకు సరిపోతుంది. నైట్రేట్, ఫ్లోరైడ్ పోవు, నీళ్లు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడతాయి. వాటికి ఆర్వో యంత్రం పనిచేస్తుంది, కానీ చాలా నీళ్లు వృథాగా బయటికి పోతాయి. ఆ నీటిని ఇల్లు తుడవడానికి, మరుగుదొడ్డికి వాడుకోండి. ముందు పరీక్ష చేయించి, అవసరమైతేనే ఆర్వో కొనండి.

దేవనహళ్లి చెరువు సిహినీరు కెరెలోకి బెంగళూరు మురుగు వస్తోందని విన్నాం. నిజమా?

వస్తున్నది శుద్ధి చేసిన మురుగునీరు. బెంగళూరులోని హెబ్బాళ, నాగవార లోయల శుద్ధి కేంద్రాల నుంచి రోజుకు 210 మిలియన్ లీటర్లను బెంగళూరు నగర, గ్రామీణ, చిక్కబళ్లాపుర జిల్లాల్లోని 65 చెరువులకు పంపే పథకం ఉంది. దేవనహళ్లి ఊరి మంచినీళ్ల చెరువైన సిహినీరు కెరె ఏళ్లుగా ఎండి ఉండేది. ఈ నీళ్లతో, మంచి వానలతో మళ్లీ నిండింది.

చెరువు నిండాక దాని పక్కనున్న పాత నీళ్ల బావికి ఊట తిరిగి వచ్చింది. బయోమ్ ఎన్విరాన్‌మెంటల్ ట్రస్ట్ చొరవతో ఆ బావిని పూడిక తీసి బాగుచేశారు. చుట్టూ తక్కువ లోతు బోర్లు వేసి, ఆ నీటిని శుద్ధి చేసి ఊరికి ఇచ్చే ఏర్పాటు చేశారు. నగరంలో ఒకసారి శుద్ధి అయిన నీరు చెరువులో ఎండకు, గాలికి ఉండి, మట్టి పొరల్లోంచి ఇంకి, బావిలో ఊరి, మళ్లీ శుద్ధి అయి కుళాయికి వస్తుందన్న మాట. వెయ్యి అడుగుల కిందికి వెళ్లనక్కర లేకుండా చేతికి అందే లోతులో నీళ్లు దొరకడం ఈ ప్రాంతంలో చిన్న విషయం కాదు.

మరి ఆ నీళ్లను నమ్మవచ్చా?

పరీక్ష ఫలితాలు క్రమం తప్పకుండా ఊరి ముందు పెడితే నమ్మవచ్చు. చెరువు, మట్టి రెండూ చాలా మలినాలను తగ్గిస్తాయి. నైట్రేట్‌ను, సబ్బుల్లోని రసాయనాలను, మందుల అవశేషాలను మాత్రం మట్టి పూర్తిగా ఆపుతుందని అనుకోకూడదు. అందుకే బావి దగ్గర మళ్లీ శుద్ధి ఉంది, అందుకే పరీక్ష ఒక్క రోజు కూడా అలక్ష్యం చేయకూడని పని.

కోలారు అనుభవం దగ్గరలోనే ఉంది. తెలుగు మాట్లాడే ఇళ్లు ఎక్కువగా ఉన్న ఆ జిల్లాకు కోరమంగల, చల్లఘట్ట లోయల నుంచి శుద్ధి చేసిన నీటిని 2018లో వదిలారు. కొద్ది వారాలకే లక్ష్మీసాగర చెరువు దగ్గర నురుగు ఎగసింది. రైతులు కోర్టుకు వెళ్లారు. జులైలో హైకోర్టు పథకాన్ని ఆపింది, తరవాత అనుమతించింది. 2019 మొదట్లో సుప్రీంకోర్టు కూడా నిలిపివేసి, కొన్ని నెలల్లో ఆ ఆదేశాన్ని ఎత్తివేసింది. ఇప్పుడు అక్కడి చెరువులు నిండుగా ఉన్నాయి, బోర్లలో నీటిమట్టం పెరిగింది. సూక్ష్మజీవులతో మలినం తగ్గించే రెండో దశ శుద్ధితో ఆపకుండా, ఆ నీటిని ఇంకా శుభ్రపరిచే మూడో దశ శుద్ధి కూడా చేయాలన్న డిమాండు మాత్రం కోలారు, చిక్కబళ్లాపుర రైతుల్లో బలంగా ఉంది. నా దృష్టిలో అది న్యాయమైన కోరిక. నగరం తన మురుగును పక్క జిల్లాకు ఇచ్చేటప్పుడు, తాను తాగడానికి సిద్ధపడే నాణ్యతకు దగ్గరగా ఇవ్వాలి.

శుద్ధి కేంద్రం సరిగా నడుస్తోందో లేదో మామూలు మనిషి ఎలా తెలుసుకోవాలి?

కేంద్రం లాగ్ పుస్తకం అడగండి. ఏ రోజు ఎన్ని లోడ్లు వచ్చాయి, ఏ వీధి నుంచి వచ్చాయి అన్నది అందులో ఉండాలి. బయటికి వదిలే నీటి పరీక్ష కాగితం అడగండి. అందులో రెండు అంకెలు చూస్తే చాలు. ఒకటి బీఓడీ, అంటే నీటిలో మిగిలిన కుళ్లే మలినం. పర్యావరణ మంత్రిత్వ శాఖ 2017 అక్టోబరు ప్రకటన ప్రకారం మురుగునీటి శుద్ధి కేంద్రాల నుంచి వచ్చే నీటిలో ఇది మహానగరాల్లో, చాలా రాష్ట్రాల రాజధానుల్లో లీటరుకు 20, మిగతా చోట్ల 30 మిల్లీగ్రాములు మించకూడదు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాన్ని 10కి తగ్గించాలంది. రెండోది ఫీకల్ కోలిఫాం, అంటే మలం నుంచి వచ్చే బ్యాక్టీరియా. 2017 ప్రకటన ప్రకారం 100 మిల్లీలీటర్లకు 1000 లోపు, ట్రిబ్యునల్ చెప్పినది 230 లోపు.

కాగితం లేకపోతే కళ్లు, ముక్కు ఉన్నాయి. బయటికి వచ్చే నీరు నల్లగా ఉంటే, మొక్కల మడిలో నీరు పైకి పొంగి నిలిస్తే, ఆరబెట్టే మళ్లు ఎప్పుడు చూసినా ఖాళీగా ఉంటే, కంపోస్టు షెడ్డులో వేడి కుప్ప లేకపోతే ఏదో తేడా ఉన్నట్టే. మళ్లు ఖాళీగా ఉండి ఊళ్లో ట్యాంకర్లు తిరుగుతున్నాయంటే బురద వేరే చోటికి పోతోంది.

తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటివి ఉన్నాయా?

ఉన్నాయి. వరంగల్ 2016లోనే సెప్టిక్ ట్యాంకుల బురద గురించి సొంత నిబంధనలు తెచ్చుకుని, తరవాత కేంద్రం కట్టుకుంది. పశ్చిమ గోదావరిలో నర్సాపురం, తెలంగాణలో సిరిసిల్ల ఇలాంటి కేంద్రాలున్న చిన్న పట్టణాలు. కొన్ని చోట్ల దేవనహళ్లిలా మళ్లలో ఆరబెడతారు, కొన్ని చోట్ల ఎండిన బురదను అధిక వేడిలో కాల్చి బొగ్గులా మారుస్తారు. మీ మున్సిపాలిటీలో కేంద్రం ఉంటే ట్యాంకరు పిలిచినప్పుడు అక్కడే దింపిన రసీదు అడగండి. రసీదు ఇవ్వని ట్యాంకరుకు వంద రూపాయలు తక్కువైనా పిలవకండి.

వానాకాలంలో బోరు నీళ్లు మట్టి రంగులో వస్తున్నాయి. ఏమి చేయాలి?

పై నీళ్లు నేరుగా బోరులోకి దిగుతున్నాయి. కేసింగు గొట్టం చుట్టూ సిమెంటు వేయించి, అంచు నేలకు అడుగు పైన ఉండేలా చూడండి. ఈలోపు తాగే నీళ్లు కాచుకోండి. సంపులోని నీరు తేరుకున్నాక వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగు పౌడరును బకెట్టులో కలిపి, సున్నం అడుగున దిగాక పైతేట మాత్రమే సంపులో పోయండి. గంట తరవాత వాడుకోండి. నీరు ఇంకా మసకగా ఉంటే క్లోరిన్ సరిగా పనిచేయదు, కాబట్టి ముందు వడపోయాలి. వానలు తగ్గాక ఈకోలై పరీక్ష చేయించండి. రెండోసారి కూడా కనబడితే బోరు నుంచి గుంత దాకా ఎంత దూరం ఉందో టేపుతో కొలవండి, పక్కింటివారి గుంత కూడా కలిపి.